రక్తపు చుక్క చూసి మనిషి ఏ ప్రాంతం వాడో, ఏ కులం వాడో చెప్పొచ్చా?

నల్లకోటు_విజయనగరం
జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తాను. పోయిన వారం బార్ రూములో టీ తాగుతుంటే ఒక సీనియర్ గారు అన్నారు: "ఇంక ముద్దాయిని వెతకడం ఎంతసేపయ్యా, సీన్‌లో రక్తపు చుక్క దొరికితే చాలు. వాడిది ఏ ప్రాంతమో, ఏ కులమో కూడా ల్యాబు వాళ్ళు రాసిచ్చేస్తున్నారు." చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు తెలిసిన డీఎన్‌ఏ రిపోర్టు అంటే సీన్ శాంపిలూ ముద్దాయి శాంపిలూ పక్కపక్కన పెట్టి, కలిశాయో లేదో చెప్పేది. పోల్చడానికి మనిషే దొరక్కుండా "ఇతను ఫలానా వాళ్ళలోవాడు" అని చెప్పే పరీక్ష నిజంగా ఉందా? ఉంటే ఎంతవరకు నమ్మొచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్_స్నిప్
ఉంది. కాకపోతే మీ సీనియర్ గారు రెండు వేర్వేరు పరీక్షల్ని ఒకే గాటన కట్టేశారు.

మీరు కోర్టులో చూసేది ఎస్‌టీఆర్ ప్రొఫైలు. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఎన్నిసార్లు అన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. అమెరికా వాళ్ళ జాతీయ డేటాబేసులో 2017 నుంచి అలాంటివి 20 చోట్లు చూస్తున్నారు. మనిషికీ మనిషికీ తేడా పట్టుకోవడానికి ఏరినవి అవి. ఏ దేశంలో చూసినా అన్ని రకాలూ కనిపిస్తాయి కాబట్టి పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి పెద్దగా పనికిరావు.

పూర్వీకుల ఆచూకీకి వాడేవి స్నిప్‌లు, అంటే డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారిన చోట్లు. వాటిలోనూ ఒక ఖండంలో బాగా ఎక్కువగా, ఇంకో ఖండంలో బాగా తక్కువగా ఉండేవాటిని ఏరతారు. డఫీ అనే జన్యువు దగ్గర ఒక మార్పు పడమటి, మధ్య ఆఫ్రికాలో దాదాపు అందరిలో ఉంటుంది, బయట అరుదు. ఒక రకం మలేరియా నుంచి కాపాడింది కాబట్టి అక్కడ నిలబడిపోయింది. ఈడీఏఆర్ జన్యువులో ఒక మార్పు తూర్పు ఆసియాలో ఎక్కువ, వాళ్ళ వెంట్రుక లావుగా ఉండడానికి అదొక కారణం. ఒక్క స్నిప్ పట్టుకుని ఏమీ చెప్పలేం. యాభై అరవై కలిపి చూసి, ఈ కలయిక ఫలానా జనాభాలో కనబడే అవకాశం ఎంత, ఇంకో జనాభాలో ఎంత అని లెక్క కడతారు. యేల్ యూనివర్సిటీలో కెనెత్ కిడ్ బృందం ఏరిన 55 స్నిప్‌ల జాబితా బాగా వాడుకలో ఉంది. వచ్చే జవాబు అవకాశాల లెక్కే. ఊరి పేరు రాదు, కులం పేరు అసలే రాదు.

డల్లాస్_డైరీ
మా చెల్లీ నేనూ ఉమ్మి పంపించి ఈ పూర్వీకుల పరీక్ష చేయించుకున్నాం. ఒకే అమ్మానాన్నల పిల్లలం. నాకొచ్చిన శాతాలు వేరు, దానికొచ్చినవి వేరు. రెండేళ్ళ తర్వాత కంపెనీ వాళ్ళు లెక్క సవరించారట, నా శాతాలు వాటంతటవే మారిపోయాయి. నేను మారలేదు, నా ఉమ్మీ మారలేదు. దీన్ని పట్టుకుని పోలీసులు మనుషుల్ని వెతుకుతారంటే భయంగా ఉంది.

ఉప్పల్_స్నిప్
@డల్లాస్_డైరీ, అక్కచెల్లెళ్ళకు తేడా రావడం మామూలే. అమ్మలో సగం, నాన్నలో సగం వస్తాయి గానీ అందరు పిల్లలకీ అదే సగం రాదు. మీ శాతాలు మారిపోయాయన్నారు చూడండి, అసలు కిటుకంతా అక్కడుంది. ఈ పరీక్ష మీ డీఎన్‌ఏని దేశపటంతో పోల్చదు. ఆ కంపెనీ దగ్గరున్న మనుషుల శాంపిళ్ళతో పోలుస్తుంది. ఆ గుంపులోకి కొత్తవాళ్ళు చేరితే జవాబు మారుతుంది. నాలుగే నాలుగు గంపలు పెట్టుకున్న పాత పరీక్షల్లో మనవాళ్ళు ఎక్కువ పాలు యూరప్, కొంచెం తూర్పు ఆసియా అన్నట్టు వచ్చేవాళ్ళు. మనకంటూ గంప లేదు కాబట్టి ఉన్నవాటిలో సర్దేసేవాళ్ళు.

ఇప్పుడు మనకూ ఉంది. రకరకాల దేశాలవాళ్ళ డీఎన్‌ఏ చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు 2015లో బయటపెట్టిన డేటాలో 26 జనాభాల నుంచి 2,504 మంది ఉన్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, ఓ వంద మంది. కానీ ఆ వంద మందీ బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు. ఆ గుంపు పేరే "ఇండియన్ తెలుగు ఇన్ ద యూకే".

పాతబస్తీ_పోరడు
గట్లనా! బ్రిటన్ దాకా పోయినోళ్ళెవరు, ఆదిలాబాద్ గూడెంల ఉన్న గోండోళ్ళెవరు, మా గల్లీల ఉన్నోళ్ళెవరు. వంద మందిని జూసి ఎనిమిది కోట్ల మంది లెక్క జెప్పుడేంది?

ఉప్పల్_స్నిప్
అందుకే నేను "దక్షిణాసియా" దాకా వచ్చి ఆగిపోతాను. అంతకన్నా లోపలికి వెళ్ళి రాసిన రిపోర్టు ఎవరిదైనా, ఎవరితో పోల్చారని ముందు అడగాలి.

క్రైమ్_పేజీ_పాతకాపు
ముప్పై ఏళ్ళు క్రైమ్ డెస్కులో పనిచేశాను. ఈ పరీక్షకు పేరు తెచ్చిన కేసు అమెరికాలో లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్‌లో జరిగింది. 2002, 2003లో ఆడవాళ్ళని వరసగా చంపుతున్నాడు. తెల్ల ట్రక్కులో తెల్లవాణ్ణి చూశామని సాక్షులు చెప్పారు. పోలీసులు తెల్లజాతి మగవాళ్ళని వందల మందిని పిలిచి బుగ్గ లోపల దూది తిప్పి శాంపిళ్ళు తీశారు. ఒక్కటీ కలవలేదు. అప్పుడు డీఎన్‌ఏప్రింట్ అనే కంపెనీకి సీన్ శాంపిలు పంపితే 85 శాతం ఆఫ్రికా, 15 శాతం అమెరికా మూలవాసుల వంశం అని చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ వెతికింది వెతకాల్సినవాళ్ళని కాదు. 2003 మే నెలలో డెరిక్ టాడ్ లీ అనే నల్లజాతి మనిషిని పట్టుకున్నారు. తప్పు దారిలో పోతున్న దర్యాప్తును మళ్ళించిందంటే అది చిన్న విషయం కాదు. పరీక్షే వద్దనకండి.

సీమ_లా_స్టూడెంట్
పాతకాపు అన్నా, కథ సగమే చెప్పినావు. లీ దొరికింది ఆ 85 శాతం వల్ల కాదు. పక్క ఊర్లో పాత కేసులు తవ్వుతున్న ఒక దర్యాప్తు అధికారికి ముందునుంచే లీ మీద అనుమానం ఉండె. కోర్టు ఆర్డరు తీస్కోని శాంపిలు తీస్కున్యాడు. అది మామూలు ఎస్‌టీఆర్ పోలికలో కలిసింది. పాతపద్ధతి పోలీసు పనే పట్టిచ్చింది.

క్రైమ్_పేజీ_పాతకాపు
@సీమ_లా_స్టూడెంట్, ఒప్పుకుంటున్నాను. ఆ ముక్క చెప్పాల్సింది. అయినా "తెల్లవాడే" అన్న పట్టుదల సడలడానికి పరీక్ష ఉపయోగపడిందన్న మాట మీద ఉంటాను.

గోదారి_గట్టు
నెదర్లాండ్స్ కేసు చెప్పకపోతే ఈ చర్చ ఒకవైపే నడుస్తుంది. 1999లో ఫ్రీస్‌లాండ్ అనే పల్లె ప్రాంతంలో పదహారేళ్ళ పిల్లని చంపేశారు. దగ్గర్లోనే శరణార్థుల శిబిరం ఉంది. చంపిన తీరు మనవాళ్ళది కాదు, ఆ శిబిరంలోవాళ్ళదే అని ఊరు ఊరంతా తీర్మానించేసింది. సీన్‌లో దొరికిన మగ డీఎన్‌ఏలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము చూస్తే వాయవ్య యూరప్ వాడిలా ఉంది అని లైడెన్ శాస్త్రవేత్తలు చెప్పారు. అప్పటికి దానికి చట్టం సరిగా లేదు, 2003లో ఆ దేశం చట్టం చేసుకుంది. చివరికి 2012లో చుట్టుపక్కల ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్ళని స్వచ్ఛందంగా శాంపిలివ్వమని పిలిచారు. దొరికింది ఎవరో తెలుసా? హత్య జరిగిన చోటికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో పాడి పెట్టుకుని బతుకుతున్న స్థానిక రైతు. శాంపిలు అతనే స్వయంగా వచ్చి ఇచ్చాడు. ఆ పరీక్ష లేకపోతే ఆ శిబిరంలోవాళ్ళు జన్మంతా ఆ మచ్చ మోసేవాళ్ళు.

నల్లకోటు_విజయనగరం
ఇది నాకు తెలియదు. అంటే అనుమానం మోపడానికే కాదు, దించడానికీ పనికొస్తుందన్నమాట.

స్టుట్‌గార్ట్_సుబ్బు
దించినంత తేలిగ్గా మోపుతుంది కూడా. మా పక్కనే ఉన్న హైల్‌బ్రాన్‌లో 2007లో ఒక పోలీసు అమ్మాయిని కాల్చి చంపారు. కారులో దొరికిన ఆడమనిషి డీఎన్‌ఏ జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో కలిపి 40 సీన్లలో కనిపించింది. హత్యల్లో ఉంది, చిల్లర దొంగతనాల్లోనూ ఉంది. మూడు లక్షల యూరోల బహుమతి ప్రకటించారు. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసి తూర్పు యూరప్ మనిషి అయ్యుండొచ్చన్నారు. అంతే, చూపులన్నీ సంచార జాతులుగా పేరుపడ్డ రోమా, సింటీ జనం మీద పడ్డాయి. పత్రికలూ అదే రాశాయి.

2009లో తేలిందేంటంటే అలాంటి హంతకురాలే లేదు. శాంపిలు తీసే దూది పుల్లల్ని తయారుచేసే ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసే ఆవిడ డీఎన్‌ఏ అది. పుల్లల మీదే అంటుకుని అన్ని సీన్లకూ వెళ్ళింది. ఆ పోలీసమ్మాయిని చంపింది నియో నాజీ ముఠా అని 2011లో బయటపడింది. ల్యాబులో యంత్రం తప్పు చెప్పలేదు చూడండి. ఆవిడ డీఎన్‌ఏ గురించి అది చెప్పాల్సిందే చెప్పింది.

2019లో జర్మనీ చట్టం సవరించినప్పుడు కళ్ళ రంగు, జుట్టు రంగు, ఒంటి రంగు, వయసు చూడొచ్చన్నారు. పూర్వీకుల ప్రాంతం మాత్రం ఆ చట్టంలో చేర్చలేదు.

ఉప్పుగాలి
చాలా ఏళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు. సుబ్బు గారి పోస్టు చదివాక ఊరుకోలేకపోయాను. ఆ రోమా వాళ్ళు వందల ఏళ్ళ క్రితం మన దేశం నుంచి వలస వెళ్ళినవాళ్ళే అని చదివాను. ఎంత దూరం పోయినా ఆ చూపు వెంటే వెళ్ళింది.

మాది స్టువర్టుపురం. ఆ మాట చెప్పగానే అవతలివాళ్ళ చెయ్యి జేబు మీదకు పోవడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మేం ఎరుకలవాళ్ళం. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతుల్ని పుట్టుకతోనే దొంగలని రాసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రాంతానికీ తెచ్చారు, జాబితాలో ఉన్నవాళ్ళ వేలిముద్రలు తీసుకోవచ్చన్నారు. ఆ తర్వాత మావాళ్ళని తెచ్చి ఈ సెటిల్మెంటులో పెట్టారు. మా తాత హాజరు వేయించుకోకుండా పొరుగూరు పోయేవాడు కాదు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది.

నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక కుర్రాడి ఫీజు డబ్బులు పోయాయి. నలభై మందిమి ఉన్నాం. వార్డెన్ నన్ను ఒక్కణ్ణే పిలిచి పెట్టె తెరవమన్నాడు. అందరూ గుమ్మంలో నిలబడి చూశారు. రెండు రోజుల తర్వాత ఆ డబ్బు అతని పుస్తకం అట్టలోనే దొరికింది. వార్డెన్ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఇప్పటికీ పెట్టె మూత చప్పుడు వింటే అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు చెప్పండి. "ఈ శాంపిలు ఫలానా సమూహానికి దగ్గరగా ఉంది" అని రిపోర్టులో ఒక్క ముక్క రాస్తే, ఆ రాత్రి జీపు ఎవరి గడప ముందు ఆగుతుంది? ఉప్పల్ గారు అవకాశాల లెక్క అంటున్నారు. జీపు దిగినవాడికి లెక్కలు అక్కర్లేదు.

పాతబస్తీ_పోరడు
అన్నా, నీ మాట సదివి కడుపుల దేవినట్లయింది. మా దిక్కు గూడ గంతే, పేరు ఇంటనే సగం కేసు రాసేస్తరు.

నెల్లూరు_కొట్టు
ఉప్పల్ గారు కులం రాదంటున్నారు గానీ మా ఇంట్లో జరిగింది వేరే. మేం ఆర్యవైశ్యులం. మా బావకి హెర్నియా ఆపరేషన్. మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే మందు పది నిమిషాల్లో దిగిపోవాలంట. మా బావకి గంటలు గడిచినా ఊపిరి సొంతంగా రాలేదు. మా అక్క ఆపరేషన్ థియేటర్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. సాయంత్రానికి తేరుకున్నాడు. పెద్ద డాక్టరు వచ్చి ముందు అడిగిన మాట "మీరు వైశ్యులా?" అని. మీవాళ్ళలో ఆ మందుని విరగ్గొట్టే ఎంజైము తక్కువ ఉండేవాళ్ళు ఎక్కువ అన్నాడు. మరి రక్తంలో కులం లేదని ఎట్లా అంటారు?

ఉప్పల్_స్నిప్
@నెల్లూరు_కొట్టు, ఇది తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న. ఆ డాక్టరు చెప్పింది నిజం. ఇంట్లో అందరూ ఆ ఎంజైము పరీక్ష చేయించుకోండి, ఎవరికైనా ఆపరేషన్ అంటే ముందే చెప్పండి.

2009లో మా హైదరాబాద్‌లో జన్యు పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాల్లో 132 మందిని, ఒక్కొక్కరిలో అయిదున్నర లక్షలకు పైగా స్నిప్‌లని చూశారు. మనందరిలోనూ రెండు పాత మూలాలు పాళ్ళు మారుతూ కలిసి ఉన్నాయని తేలింది. దాంతోపాటు చాలా సమూహాలు కొద్దిమందితో మొదలై, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయని కూడా తేలింది. వైశ్యుల్లో ఆ ఆరంభం సుమారు వంద తరాల కిందటిది. అంతకాలం బయటి సంబంధం లేకుండా ఉంటే డీఎన్‌ఏలో పొడవాటి ముక్కలు ఒకేలా మిగిలిపోతాయి.

అయితే ఆ మార్పు ఉన్నవాళ్ళంతా వైశ్యులు కారు, వైశ్యులందరిలోనూ ఆ మార్పు లేదు. సీన్ శాంపిలులో అది కనబడ్డంత మాత్రాన కులం రాయడం తప్పు. ఫోరెన్సిక్ కిట్లలో ఉండే యాభై అరవై స్నిప్‌లు ఖండాల్ని విడదీయడానికి ఏరినవి, వాటితో రెడ్డినీ మాలనీ ఎరుకలనీ విడదీయలేరు. మరి అయిదారు లక్షల స్నిప్‌లు చదివి, ప్రతి సమూహం నుంచీ వందలమంది శాంపిళ్ళు పక్కన పెట్టుకుంటే? కొన్ని సమూహాల విషయంలో దగ్గరదాకా రావచ్చు. అసాధ్యమని నేను అబద్ధం చెప్పను. ఉప్పుగాలి గారి భయం ఈ రోజు కిట్టుకి వర్తించకపోవచ్చు, రేపటికి వర్తిస్తుంది.

సీమ_లా_స్టూడెంట్
ఇంత మాట ఒప్పుకున్నందుకు దండం అక్కా.

రెండు_నక్షత్రాలు
రిటైర్డ్ ఎస్సైని, రైల్వే పోలీసు. అందరూ ముద్దాయి గురించే మాట్లాడుతున్నారు, నేను శవం గురించి చెబుతాను.

పట్టాల మీద శవం దొరుకుతుంది. జేబులో టికెట్టు ఉండదు, ఫోన్ ఉండదు. పంచనామా రాసి, ఫోటో తీసి, పేపరుకిచ్చి మార్చురీలో మూడు రోజులు ఉంచుతాం. ఎవరూ రాకపోతే మున్సిపాలిటీ వాళ్ళు పూడ్చేస్తారు. నా సర్వీసులో అలా ఎందర్ని పూడ్పించానో లెక్క లేదు. ఒకసారి పాతికేళ్ళ కుర్రాడు. మా జిల్లా పేపర్లలోనే ప్రకటన ఇచ్చాం. మూడో రోజు టీ తెచ్చిన పిల్లాడు చేతి మీద పచ్చబొట్టు చూసి "సార్, ఇది ఒడియా అక్షరం, నాకు చదవడం వచ్చు" అన్నాడు. గంజాం జిల్లాకి కబురు పెడితే తండ్రి వచ్చాడు. పచ్చబొట్టు లేకపోతే ఆ తండ్రి ఇంకా ఎదురు చూస్తూ ఉండేవాడు. ఈశాన్యం వాడా, ఉత్తరాది వాడా, మనవైపు వాడా అని పరీక్ష సుమారుగా చెప్పినా మేం ప్రకటన ఎక్కడివ్వాలో తెలుస్తుంది. దాన్ని కాదనకండి.

గోదారి_గట్టు
ఎస్సై గారి మాటకు బలం: పంజాబ్‌లో అజ్నాలా బావి. 1857లో తిరగబడ్డ సిపాయిల్ని చంపి పడేశారన్న బావిలోంచి 2014లో ఎముకలు తీశారు. వాళ్ళు ఏ ప్రాంతం వాళ్ళన్నది వివాదం. పళ్ళలో డీఎన్‌ఏ, తిండినీ నీళ్ళనీ బట్టి మారే ఐసోటోపులు చూసి గంగా మైదానం వాళ్ళని 2022లో తేల్చారు, అందులోనూ సీసీఎంబీ ఉంది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు ఎముకల్లో తూర్పు మధ్యధరా వాళ్ళు 14 మంది ఉన్నారని 2019లో చెప్పిందీ వాళ్ళే.

ఉప్పల్_స్నిప్
అవును. అక్కడ అడిగిన ప్రశ్నే గుంపు గురించి, కాబట్టి గుంపు జవాబు సరిపోయింది. ఒక్క మనిషి దగ్గరికొస్తే తడబాటు ఎలా ఉంటుందో చూడండి. ఇంగ్లండులో యార్క్‌షైర్‌కి చెందిన ఒక తెల్లాయన వై క్రోమోజోము చూస్తే పశ్చిమ ఆఫ్రికాలో కనబడే రకం వచ్చింది. అదే ఇంటిపేరున్న మరికొందరిలోనూ అదే ఉందని 2007లో రాశారు. ఎన్ని తరాల కిందటో ఒక పూర్వీకుడు. అతని డీఎన్‌ఏ సీన్‌లో దొరికి వై ఒక్కటే చూసుంటే నల్లజాతి మనిషి కోసం వెతికేవాళ్ళు.

డల్లాస్_డైరీ
కెనడాలో ఎడ్మంటన్ పోలీసులు 2022 అక్టోబరులో డీఎన్‌ఏ చూసి గీయించిన ఒక నల్లజాతి కుర్రాడి ముఖాన్ని విడుదల చేశారు. తిట్లు తిని రెండు రోజుల్లో తీసేసి క్షమాపణ చెప్పారు. ఆ రెండు రోజులూ ఆ ఊళ్ళో నల్లపిల్లల తల్లుల సంగతి ఆలోచించండి.

నల్లకోటు_విజయనగరం
ఇక్కడి చట్టం సంగతి నేను చెబుతాను. డీఎన్‌ఏ టెక్నాలజీ బిల్లు 2019లో లోక్‌సభలో పెట్టారు, 2023లో వెనక్కి తీసుకున్నారు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం జీవ నమూనాలు తీసి విశ్లేషించవచ్చంటుంది, ఏ విశ్లేషణ చేయొచ్చు ఏది కూడదు అన్నది విడమర్చలేదు. రేపు ఎవరైనా పూర్వీకుల రిపోర్టు పట్టుకొస్తే అది భారతీయ సాక్ష్య అధినియమం 39 కింద నిపుణుడి అభిప్రాయంగా లోపలికి వస్తుంది. క్రాస్‌లో నేను అడిగేవి రాసిపెట్టుకున్నాను: ఎన్ని స్నిప్‌లు, ఎవరి శాంపిళ్ళతో పోల్చారు, ఆ గుంపులో మా జిల్లావాళ్ళు ఎందరు. శవాల గుర్తింపుకి ఒక దారి, ముద్దాయి వేటకి ఇంకో దారి అని చట్టంలోనే గీత గీయాలి. ఎస్సై గారి కుర్రాడూ, ఉప్పుగాలి గారి పెట్టే, రెండూ నాకు గుర్తుంటాయి.

రెండు_నక్షత్రాలు
ఉప్పుగాలి గారూ, ట్రైనింగులో మాకు కొన్ని ఊళ్ళ పేర్లు కంఠతా పట్టించారు. మీ ఊరు మొదటి వరసలో ఉండేది. రాత్రి గస్తీలో ఆ పేరు చెప్పినవాణ్ణి ఇంకో గంట ఎక్కువ కూర్చోబెట్టేవాణ్ణి. నేనూ చేశాను.

ఉప్పుగాలి
చెప్పినందుకు సంతోషం సార్.

ఉప్పల్ గారిని ఒకటి అడగాలి. కొన్నేళ్ళ కిందట మా ఊళ్ళో వైద్య శిబిరం అని పెట్టి రక్తం తీసుకెళ్ళారు. షుగరు చూస్తామన్నారు. మా అమ్మ ఏదో కాగితం మీద వేలిముద్ర వేసింది. షుగరు ఎంతో ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆ రక్తం మీరన్న పోల్చే గుంపుల్లో చేరి ఉంటుందా?

ఉప్పల్_స్నిప్
మీ అమ్మగారు వేలిముద్ర వేసిన కాగితమే సమ్మతి పత్రం. ఏ పనికి తీసుకున్నారో, ఇంకెవరికైనా ఇవ్వొచ్చో అందులో ఉండాలి, ఒక కాపీ ఆవిడకి ఇచ్చి ఉండాలి. యూరప్‌లో రోమా వాళ్ళ శాంపిళ్ళు ఇలాగే ఫోరెన్సిక్ డేటాబేసుల్లో చేరాయని 2021లో పెద్ద గొడవైంది. చైనాలో ఉయ్‌ఘర్లు అనే మైనారిటీ ముస్లింల సమ్మతి సరిగా లేదని కొన్ని పత్రికలు అచ్చయిన వ్యాసాల్నే వెనక్కి తీసుకున్నాయి. ఆ శిబిరం పెట్టిన సంస్థ ఎథిక్స్ కమిటీకి రాయండి. శాంపిలు వెనక్కి తీసేయమని అడిగే హక్కు ఆవిడకుంది. ఉత్తరం ఎలా రాయాలో నేను చెబుతాను.

నల్లకోటు_విజయనగరం
ఉత్తరం నేను రాస్తాను, ఫీజు లేదు. శిబిరం ఏ సంవత్సరం పెట్టారో, కాగితం మీద ఎవరి పేరుందో అమ్మగారిని అడిగి నాకు మెసేజ్ పెట్టండి.

ఉప్పుగాలి
అమ్మ ట్రంకు పెట్టె వెతుకుతోంది. దొరకగానే పెడతాను.